బెంగళూరులో పదిహేను వందల్లో కార్ క్లీనింగ్ కిట్: ఏం కొనాలి, ఏం వదిలేయాలి

[తెర మీద: నల్ల కారు బానెట్. పక్క నుంచి ఫోన్ టార్చ్ వెలుగు. సన్నటి గుండ్రటి గీతలు.]

నమస్కారం అండీ. ఈ గీతలు చూశారా? ఇవి రాయి తగిలి పడ్డవి కావు, పక్క బండి రాసుకుని పడ్డవీ కావు. దుమ్ము పట్టిన కారుని రోజూ పొద్దున్నే పసుపు గుడ్డతో తుడవడం వల్ల పడ్డవి. మీ కారు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉంటే ఈ రాత్రి కిందికి వెళ్ళి టార్చ్ వేసి చూడండి. తెల్ల కారు మీద అంత తేలిగ్గా కనిపించవు గానీ, ఉంటాయి.

బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్ళిలోనో బెల్లందూరులోనో ఫ్లాట్, కొత్తగా కారు. ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామంది ఇంతే. కారు కొన్న మొదటి నెలలోనే ఆన్‌లైన్‌లో వెతికి, నలభై వస్తువులున్న పెద్ద కిట్ ఒకటి తెప్పిస్తారు. అందులో సగం సీసాల మూతలు కూడా తియ్యరు. అందుకే చెప్తున్నాను: కారుని ముట్టుకునే వస్తువుల మీద డబ్బు పెట్టండి. మెరిపించే వాటి మీద ఇప్పుడు ఒక్క రూపాయి కూడా వద్దు.

ఎందుకో చూద్దాం. కారు రంగు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుంది. క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కంటే పల్చన. మనం చూసి మురిసిపోయే మెరుపంతా ఆ పొరదే. ఇక మన ఔటర్ రింగ్ రోడ్ దుమ్ము సంగతి మీకు తెలిసిందే. ఓ పక్క మెట్రో పనులు, ఇంకో పక్క కొత్త కట్టడాలు. అందులో మట్టి ఒక్కటే ఉండదు, ఇసుక, సిమెంటు రేణువులు కూడా ఉంటాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఆ పొర కన్నా చాలా గట్టిది. పొడి గుడ్డ వేసి తుడిచామంటే ఆ రేణువుని గుడ్డ కింద పెట్టి కారంతా గరగరా గీసినట్టే. రోజుకి ఒకసారి, ఏడాదంతా. గీతలు పడక ఏమవుతాయి?

కాబట్టి మన కిట్‌కి పని ఒక్కటే: దుమ్ముని ముందు తడిపి వదులు చేయాలి, ఆ తర్వాత మెత్తగా ఎత్తెయ్యాలి.

[తెర మీద: నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక పెద్ద టవల్. చేత్తో మడిచి చూపించాలి.]

ముందు గుడ్డలు. బడ్జెట్‌లో దాదాపు సగం ఇక్కడే పెట్టండి. మైక్రోఫైబర్ గుడ్డ కొనేటప్పుడు జీఎస్ఎం అని ఒక అంకె చూస్తారు. చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె అది. మామూలు తుడుపుకి 300 నుంచి 400 జీఎస్ఎం ఉన్నవి చాలు. 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డలు నాలుగు కలిపి సుమారు 350 రూపాయలకి వస్తాయి. నీళ్ళు ఆరబెట్టడానికి మాత్రం 600 జీఎస్ఎం పైన ఉన్న పెద్ద టవల్ ఒకటి తీసుకోండి, ఇంకో 300 అనుకోండి. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో రాసుంటే, అది పాలియెస్టర్, పాలియమైడ్ పోగుల నిష్పత్తి. పాలియమైడ్ ఎక్కువుంటే గుడ్డ మెత్తగా ఉంటుంది, నీళ్ళూ బాగా పీలుస్తుంది.

షాపులోనే కొంటే చేతి వెనక వైపు రాసి చూడండి. మంచి గుడ్డ చర్మాన్ని సన్నగా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. అంచులు కూడా వేలితో తడమండి. గుడ్డ మెత్తగా ఉండి అంచు కుట్టు గట్టిగా ఉంటే ఆ కుట్టే గీతలు పెడుతుంది. లేబుల్ ఉంటే ఇంటికి రాగానే కత్తిరించేయండి.

ఇప్పుడు మడత. గుడ్డని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడవండి. అరచేయంత చదరం వస్తుంది. ఒక వైపు మురికైతే తిప్పండి, ఆ వైపూ అయిపోతే మడత విప్పి లోపలి వైపు బయటికి తీయండి. ఇలా ఒక్క గుడ్డకి ఎనిమిది శుభ్రమైన వైపులు దొరుకుతాయి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకండి, ఒకే దిక్కుగా లాగండి. గుడ్డ కింద పడిందా, దాన్ని ఇక బాడీకి తగలనివ్వకండి. చూడటానికి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, దాని సన్నటి పోగుల్లో నేల మీది ఇసుక ఇరుక్కునే ఉంటుంది. ఉతికాకే మళ్ళీ వాడాలి.

ఉతకడంలో కూడా జాగ్రత్త కావాలి. ఈ గుడ్డల్ని తువ్వాళ్ళతో, కాటన్ బట్టలతో కలిపి మెషీన్‌లో వేస్తే నూలు పీచంతా వీటికి పట్టేస్తుంది. ఫాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు. అది పోగులకి పూతలా పట్టి నీళ్ళు పీల్చే గుణం పోగొడుతుంది. చన్నీళ్ళలో లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతికి నీడన ఆరేయండి చాలు.

[తెర మీద: చేత్తో పంపు కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్. కారు పక్క డోర్ మీద నీళ్ళు కొట్టి, దుమ్ము జారడం దగ్గరగా చూపించాలి.]

తర్వాత నీళ్ళు. బెంగళూరులో ఇది చిన్న విషయం కాదు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం మనం పడ్డ టెన్షన్ ఎవరూ మర్చిపోలేదు. ఆ మార్చిలోనే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ, అంటే బెంగళూరు జలమండలి, తాగునీటితో వాహనాలు కడగొద్దని ఉత్తర్వు ఇచ్చింది, కాదంటే 5,000 రూపాయల జరిమానా. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఉత్తర్వు వచ్చింది. కాబట్టి కావేరి నీళ్ళకి పైపు తగిలించి కారు కడగడం గురించి నేను మాట్లాడను, మీరూ ఆ ఆలోచన పెట్టుకోకండి. పైపు అలా వదిలేస్తే నిమిషానికి పది లీటర్లు ఇట్టే పోతాయి. మన పద్ధతిలో కారు మొత్తానికి అటూ ఇటుగా ఇరవై లీటర్లు చాలు.

ఇందుకు నాకు బాగా నచ్చిన వస్తువు కార్ షాపులో దొరికేది కాదు. మొక్కలకి నీళ్ళు కొట్టే హ్యాండ్ స్ప్రేయర్. రెండు లీటర్లది సుమారు 350 రూపాయలు. పైన పిడి పట్టుకుని పంపు కొడితే లోపల గాలి నిండి, నీళ్ళు సన్నటి జల్లుగా వస్తాయి. రూఫ్ మీద మొదలుపెట్టి కిందికి తడుపుతూ రండి. రెండు నిమిషాలు ఆగండి. దుమ్ము దానంతటదే జారడం కనిపిస్తుంది. వేలల్లో ఖర్చయ్యే ప్రెషర్ వాషర్ మొదటి కిట్‌లో అక్కర్లేదు.

బోరు నీళ్ళలో, ట్యాంకర్ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఎండలో ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. వాటిని అలాగే వదిలేస్తే గట్టిపడి మామూలు షాంపూకి పోవు. ఆర్‌ఓ నుంచి వదిలే నీళ్ళు కారుకి వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. మంచి అలవాటే. అయితే ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి, మొదట తడపడానికి, టైర్లకి, మ్యాట్లకి వాడండి. ఆఖరి తుడుపుకి మాత్రం కాదు.

మరి ఆఖరి తుడుపుకి? మీ ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకోండి. గాలిలోని తేమ చల్లబడి దిగిన నీళ్ళు అవి, ఉప్పు దాదాపు ఉండదు. ఓ రాత్రి బకెట్ పెడితే లీటర్ల కొద్దీ వస్తాయి. పల్చటి గుడ్డలో వడకట్టి స్ప్రేయర్‌లో పోసుకోండి. అద్దాలకైతే ఇంతకన్నా మంచి నీళ్ళు లేవు. వాన నీళ్ళు పట్టుకున్నా ఇంతే.

షాంపూ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కార్ షాంపూ అని రాసి, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు) అని ఉన్నది ఏదైనా పర్లేదు, 250 రూపాయల సీసా చాలా వాష్‌లకి వస్తుంది. గిన్నెల లిక్విడ్, బట్టల సోడా మాత్రం వద్దు. అవి జిడ్డుని వదిలించడానికి చేసినవి. కారు మీద వ్యాక్స్, అంటే మైనపు పూత ఉంటే దాన్ని కూడా జిడ్డు అనుకునే వదిలిస్తాయి.

బకెట్లు రెండు కావాలి. కొనక్కర్లేదు, ఇంట్లో ఖాళీ పెయింట్ బకెట్లు ఉంటే శుభ్రంగా కడిగి వాడండి. ఒక దాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకో దాంట్లో ఉత్త నీళ్ళు. చేతికి తొడుక్కునే, మెత్తటి కుచ్చులుండే వాష్ మిట్ ఒకటి 200 రూపాయల లోపు దొరుకుతుంది. షాంపూలో ముంచి ఒక డోర్ తుడవండి, ఉత్త నీళ్ళలో జాడించండి, పిండండి, మళ్ళీ షాంపూలో ముంచండి. అయ్యాక ఆ రెండో బకెట్ అడుగున చూడండి, ఇసుక పేరుకుని ఉంటుంది. ఒకే బకెట్ అయితే ఆ ఇసుకంతా మళ్ళీ మీ కారు మీదికే ఎక్కేది.

బేస్‌మెంట్‌లో చుక్క నీళ్ళు కారినా అసోసియేషన్ ఒప్పుకోదంటారా? అప్పుడు షాంపూ బదులు రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, అది తీసుకోండి. సీసా ధర ఎక్కువే గానీ, నాలుగు లీటర్ల నీళ్ళకి పదిహేను మిల్లీలీటర్లు వేస్తే సరిపోయే రకాలున్నాయి. మళ్ళీ కడిగే పని లేదు, తుడిచేస్తే అయిపోతుంది.

[తెర మీద: బానెట్ మీద పావురం రెట్ట. దాని మీద తడి గుడ్డ పరిచి ఉంచాలి.]

ఇది మాత్రం ఆగి చూడండి. చెట్టు కింద పార్క్ చేసినా, బాల్కనీ కింద పెట్టినా పావురాల రెట్టలు తప్పవు. అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది. ఎండకి బానెట్ వేడెక్కి క్లియర్ కోట్ మెత్తబడితే, అది లోపలికి దిగి మచ్చ వేస్తుంది. టిష్యూతో గోకడం అన్నిటికన్నా చెడ్డ పని, ఎండిన రెట్టలో గట్టి రేణువులు ఉంటాయి. పాత మైక్రోఫైబర్ గుడ్డని బాగా తడిపి దాని మీద పరచండి. ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత రుద్దకుండా, గిల్లి తీసినట్టు పైకి ఎత్తండి. మిగిలితే మళ్ళీ తడపండి. ఇందుకోసం డోర్ పాకెట్‌లో చిన్న నీళ్ళ స్ప్రే బాటిల్, ఒక గుడ్డ ఎప్పుడూ పెట్టుకోండి.

సంక్రాంతికో ఉగాదికో అనంతపురం, కర్నూలు వైపు రాత్రంతా నడిపి వెళ్ళినప్పుడు బంపర్ నిండా అతుక్కునే పురుగులకీ ఇదే వైద్యం. తడి గుడ్డ పరిచి నాననివ్వడం. ఊరు చేరిన రోజే చెయ్యండి, సెలవులు అయ్యేదాకా ఆగకండి.

ఇక్కడ ఆయుధ పూజ సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు బెంగళూరులో బొట్టు లేని బండి కనిపించదు, మనమూ పెడతాం. పెట్టాల్సిందే. కాకపోతే పసుపు, కుంకుమ, గంధం పెయింట్ మీద కాకుండా నంబర్ ప్లేట్ మీదో అద్దం మీదో పెట్టండి. బానెట్ మీదే పెట్టాలంటే సాయంత్రానికి ముందు పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపి, తర్వాతే తడపండి. పొడి మీద నీళ్ళు పోస్తే రంగు పారి సందుల్లోకి దిగుతుంది. అరటి పిలకలు కట్టిన టేపు జిగురు మిగిలితే కాస్త కొబ్బరి నూనె రాసి కాసేపాగి తుడవండి, తర్వాత షాంపూతో కడిగేయండి.

లోపల శుభ్రానికి పెద్దగా కొనేదేమీ లేదు. ఒక అంగుళం మెత్తటి పెయింట్ బ్రష్, 40 రూపాయలు. ఏసీ వెంట్లు, బటన్ల మధ్య సందులు, సీటు కుట్లు, అన్నిటికీ అదే. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న వాక్యూమ్‌లు కొనకండి. ఆ సాకెట్ మామూలుగా ఇచ్చేదే 120 నుంచి 180 వాట్లు, దాంతో మ్యాట్‌లోని మట్టి లేవదు. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే మ్యాట్లు పైకి తెచ్చుకుని దానితో లాగండి, లేదంటే గోడకేసి కొట్టి దులపండి. డాష్‌బోర్డ్‌కి తడి గుడ్డ చాలు. నిగనిగలాడించే సిలికాన్ పాలిష్ రాస్తే ఆ మెరుపు ముందు అద్దంలో పడి ఎండలో కళ్ళకి అడ్డొస్తుంది, దుమ్ము కూడా ఎక్కువ పడుతుంది. స్టీరింగ్ మీద, పెడల్స్ మీద అయితే అది ప్రమాదం కూడా.

చక్రాలకి పాత గుడ్డ, పాత బ్రష్ వేరుగా ఉంచండి. బ్రేక్ ప్యాడ్ల నుంచి రాలే పొడిలో ఇనుము ఉంటుంది, ఆ గుడ్డ మళ్ళీ డోర్ మీదికి రాకూడదు. టైర్లకి డీజిల్, కిరోసిన్ రాసే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. రబ్బరు పాడవుతుంది, రాయనివ్వకండి.

[తెర మీద: వస్తువులన్నీ ఒకే బకెట్‌లో సర్దాలి. పక్కన ధరలు.]

లెక్క చూద్దాం. గుడ్డలు 350, టవల్ 300, మిట్ 200, షాంపూ 250, స్ప్రేయర్ 350, బ్రష్ 40. మొత్తం 1,490. షాపుని బట్టి వంద అటూ ఇటూ అవుతుంది. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి గానీ, గుడ్డ పట్టుకుని చూసి కొనాలంటే టౌన్ హాల్ దగ్గర జేసీ రోడ్‌కి వెళ్ళండి, కారు సామాన్ల షాపులు వరసగా ఉంటాయి. కారు వేసుకెళ్తే పార్కింగ్ కష్టం, కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నడవండి. అక్కడ స్క్రాచ్ రిమూవర్ చూపిస్తే వద్దనండి. అలాంటివి చాలావరకు గీతని నింపవు, చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీస్తాయి. వ్యాక్స్ మంచిదే గానీ, ఓ రెండు నెలలు ఈ పద్ధతిలో కడిగి చేయి అలవాటయ్యాక కొనుక్కోవచ్చు.

ఇంకొక్క మాట. మీ కారుని రోజూ తుడిచేది మీరు కాదు, అపార్ట్‌మెంట్‌కి పొద్దున్నే వచ్చే అబ్బాయి. ఒకే బకెట్, ఒకే గుడ్డతో ముప్పై కార్లు తుడుస్తాడు. తప్పు అతనిది కాదు, అతనికి ఎవరూ వేరే గుడ్డ ఇవ్వలేదు. మీ నాలుగు గుడ్డల్లో రెండు అతనికివ్వండి, స్ప్రేయర్ కూడా చూపించండి. రోజూ తుడవొద్దని, వారానికి రెండుసార్లు ముందు తడిపి తుడిస్తే చాలని చెప్పండి. మిగతా రోజుల్లో ఒక్క అద్దాలు తుడిస్తే సరిపోతుంది. రోజులు తగ్గాయని అతని నెల డబ్బులు మాత్రం తగ్గించకండి.