గిలాస, సిన్మ, యెమ్మెల్యే: నల్లగొండ, పాలమూరు నోట ఇంగ్లీషు

తమ్ముడు: అందరికీ నమస్తే. ఇయ్యాల మనం రోజూ పలికే ఇంగ్లీషు మాటల మీద ముచ్చట. అక్కా, సీదా అడుగుత. పెద్దోళ్లు 'గిలాస' అంటరు, బడి పిల్లలు 'గ్లాస్' అంటరు. పెద్దోళ్లది తప్పేనా?

అక్క: తప్పనే ముందు ఆ మాట ఏ తొవ్వల వచ్చిందో చూడాలె తమ్మీ. 1948 దాకా మనది నిజాం రాజ్యం. కచేరీల, కోర్టుల ఉర్దూనే. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల గూడ చదువు ఉర్దూలనే నడిచింది. అందుకే శానా ఇంగ్లీషు మాటలు మనకు ఉర్దూ నోటి మీదికెళ్లి వచ్చినయి. మాట మొదట్ల రెండు హల్లులు కలిసొస్తే ఆ నోటికి ఇబ్బంది. 'గ్ల' వస్తే నడుమ ఇ పెట్టి 'గిలాస్' చేస్తది, 'స్క' వస్తే ముందట ఇ పెట్టి 'ఇస్కూల్' చేస్తది. అది తెలుగోళ్ల నోట్లకు రాంగనే ఇంకో పని జరిగింది. తెలుగు మాట అచ్చుతోని ముగియాలె గదా, చివర అ చేరి 'గిలాస' అయింది. ఒక్క మాట మీద రెండు భాషల పని.

తమ్ముడు: సాగర్ దాటి మాచర్ల పోతే 'గ్లాసు' అంటరు మరి.

అక్క: ఆ దిక్కు అప్పట్ల మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే సీదా ఇంగ్లీషోళ్ల ఏలుబడి, నడుమ ఉర్దూ లేదు. ముందట ఉన్న జోడు హల్లు అట్లనే ఉండి, చివర ఉ చేరింది. 'హాస్పిటల్' ఆడ 'ఆసుపత్రి' అయింది. మనకు దవాఖాన ఉండె, ఆ మాటతోని పనే పడలె. కానీ గీత గీసినట్టు ఇటు ఇది, అటు అది అని ఉండదు. మిర్యాలగూడ, కోదాడ దిక్కు రెండు రకాలూ ఇనవడతయి.

తమ్ముడు: 'సిన్మ' గూడ ఉర్దూ పనేనా?

అక్క: కాదు, అది పక్కా మన తెలుగు. మనిషిని 'మన్షి' అంటం, ఎనిమిదిని 'ఎన్మిది' అంటం. నడుమల పొట్టి అచ్చును మింగుడు మన మాటతీరు. 'సినిమా'కు గూడ అదే చేసినం, చివరి దీర్ఘాన్ని తగ్గించినం. 'మన్షి' అంటే యాస అని మురిసి, 'సిన్మ' అంటే నవ్వుతరు సూడు, అది నాకు నచ్చదు. రెండింటిదీ ఒక్కటే సూత్రం.

తమ్ముడు: బస్సు, కప్పు, పెన్ను అన్నప్పుడు హల్లు ఒత్తి పలుకుతం. 'గేట్టు', 'లైట్టు' అని ఎందుకనం?

అక్క: అచ్చు పొడుగును బట్టి ఉంటది. పొట్టి అచ్చు తర్వాత ఒక్కటే హల్లు ఉంటే దాన్ని రెండింతలు చేసి ఉ పెడతం: బస్సు, బిల్లు, మిల్లు. దీర్ఘం ఉంటే ఒత్తు లేదు: గేటు, కారు, లైటు. ముందే రెండు హల్లులుంటే గూడ లేదు: బల్బు, బెల్టు, బ్యాంకు. చ, జ చివర ఉంటే ఉ బదులు ఇ వస్తది: బెంచి, బ్రిడ్జి, జడ్జి, కాలేజి.

తమ్ముడు: మరి 'రోడ్డు'? దీర్ఘం ఉంది, ఒత్తు గూడ ఉంది.

అక్క: పట్టినవ్! కోటు, నోటు ఒత్తు లేకుండ ఉన్నయి, 'రోడ్డు' ఒక్కటి మాట వినలేదు. ఇసొంటి మొండి మాటలు ప్రతి భాషల ఉంటయి.

తమ్ముడు: ఇగ 'యెమ్మెల్యే' సంగతి.

అక్క: తెలుగుల మాట మొదటి ఎ ముందట సన్నగ 'య' పలుకుతది, ఒ ముందట 'వ' పలుకుతది. ఎండ 'యెండ', ఒకటి 'వొకటి'. ఆ అలవాటుతోనే ఎమ్మెల్యే 'యెమ్మెల్యే', ఓకే 'వోకే', ఓల్డ్ 'వోల్డ్'. బోర్డుల మీద గూడ ఎస్ అక్షరాన్ని 'యస్' అని రాస్తరు. ఇది ఒక్క ఊరిదో జిల్లాదో కాదు, ఒక్క తరానిది గూడ కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలల్ల తగ్గుతుంది గని పూర్తిగ పోలె.

తమ్ముడు: అంటే పిల్లల ఇంగ్లీషు సాఫ్‌గ ఉన్నట్టేనా?

అక్క: వాళ్ల తప్పులు వేరే. పెద్దోళ్లు మాటను చెవితోని పట్టిన్రు, పిల్లలు స్పెల్లింగు చూసి పట్టిన్రు. బుధవారాన్ని 'వెడ్నెస్‌డే' అంటరు, ఇంగ్లీషోళ్లు ఆ డి పలకరు, 'వెన్జ్‌డే' అంటరు. 'రిసీప్ట్' అని పి పలుకుతరు, అది మూగ అక్షరం. 'ప్లంబర్'ల బి గూడ అంతే, అది పెద్దా చిన్నా అందరు పలుకుతరు. వడ్రంగి 'కబోర్డు' అంటడు, సదువుకున్నాయన దిద్ది 'కప్‌బోర్డ్' అంటడు. ఇంగ్లీషుల ఆ పి పలకదు, అంటే ఆ ముక్క వరకు వడ్రంగిదే రైటు. 'బోర్డు' ముక్క మాత్రం రాతకెళ్లి వచ్చింది, వాళ్లు 'కబడ్' లెక్క పలుకుతరు.

తమ్ముడు: ఎఫ్ శబ్దం ఎట్ల? 'ఆపీసు', 'పోను' అనేటోళ్లు ఇంకా ఉన్నరు.

అక్క: తెలుగు 'ఫ' అంటే రెండు పెదవులు మూసి, గాలితోని తెరిచేది. ఎఫ్‌కు పెదవులు మూయొద్దు, కింది పెదవి మీది పళ్లకు తగలాలె. అరచెయ్యి నోటి ముందట పెట్టి చూడు. 'ఫ'కు గాలి ఒక్క దెబ్బ తగులుతది, ఎఫ్‌కు సన్నగ సాగుతది. ఉర్దూల ఎఫ్ ఉంది కాబట్టి ఆ ఇండ్లల్ల పెద్దోళ్లు గూడ సులువుగ పలుకుతరు. తమాష ఏందంటే, ఇప్పటి పిల్లలు ఎఫ్ నేర్చి 'ఫలితం', 'ఫలం' గూడ ఎఫ్‌తోనే అంటున్నరు. ఇంగ్లీషు శబ్దం సంస్కృతం మాటల దూరింది, ఎవ్వరు పట్టించుకోలె.

తమ్ముడు: ఇనేటోళ్లు తమ ఊరి మాటలు రికార్డు చేయాలంటే ఎట్ల?

అక్క: ఒక్క ఇంట్ల మూడు తరాలను పట్టు, తరానికి ఇద్దరు. పన్నెండు మాటలు చాలు: గ్లాస్, స్కూల్, స్టేషన్, ట్రాక్టర్, స్టార్టర్, సినిమా, ఆఫీస్, పెన్షన్ ఇసొంటియి. మాట నువ్వు ముందు పలకొద్దు. నువ్వు 'ట్రాక్టర్' అంటే వాళ్లు నీదే తిరిగి చెప్తరు. 'మీరెట్ల అంటరు' అని గూడ అడగొద్దు, అట్ల అడిగితే 'టాక్టరు' అనేటాయన సుత జాగ్రత్తపడి టీవీ పలుకుడు పలుకుతడు. వస్తువునో ఫొటోనో చూపి 'ఇదేంది' అను, తర్వాత 'ఊర్ల ఎన్ని ఉన్నయి' అని అడుగు, బహువచనం దానంతట అదే వస్తది. అది ముఖ్యం. 'బస్' అని హల్లుతోని ఆపే పిల్లగాడు గూడ లెక్క చెప్పంగ 'బస్సులు' అంటడు, 'బస్సుల వచ్చిన' అంటడు. ఒక్కదాన్నే అడిగితే ఆ ఉ పోయిందనుకొని తప్పు రాసుకుంటవ్.

తమ్ముడు: ఫోన్ కాల్‌ల అడిగి రికార్డు చేస్తే నడుస్తదా?

అక్క: ల్యాండ్‌లైన్, 2జీ లాంటి పాత రకం కాల్‌ల 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకనే శబ్దం పోతది. స, ఎఫ్ లాంటి వాటిని వేరు చేసే ఊపిరి శబ్దం శానావరకు దానిపైననే ఉంటది, అందుకే అసొంటి కాల్‌ల ఎఫ్ అన్నరా 'ఫ' అన్నరా తేల్చుడు కష్టం. ఎదురుంగ కూసొని ఫోన్ రికార్డర్‌ల తియ్యి, నోటికి జానెడు దూరంల, సూటిగ కాకుండ కొంచెం పక్కకు పెట్టు. సూటిగ పెడితే 'ప', 'ఫ' గాలి మైకుకు కొట్టి పగిలినట్టు వస్తది. ఫ్యాన్ బంద్ చెయ్యి. ప్రతి మాట మూడుసార్లు రావాలె, ఒక్కసారిది నమ్మొద్దు. ముందుగాల ఊరు, వయసు, ఏ మీడియంల చదివిన్రో నువ్వే రికార్డుల చెప్పు. ఫైలు పేరు మారినా ఎవరిదో తెలుస్తది.