ఆ పూట కూలి కోయకండి

(2025 మార్చి 23, ప్రపంచ వాతావరణ దినోత్సవం నాడు పల్నాడులోని ఒక ఊరి గ్రంథాలయంలో విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయం కమిటీ పెద్దలకు, పరీక్షల మధ్యలో కూడా వచ్చిన పదో తరగతి పిల్లలకు నమస్కారం. మిరపకాయ కోత ఒక పూట ఆపుకుని వచ్చిన మేస్త్రీలకు, కూలి ముఠాలోని అమ్మలకు, అక్కలకు ఇంకోసారి నమస్కారం. నేను చెప్పేది ముఖ్యంగా మీ గురించే.

ఈ వేసవి ఎలా ఉండబోతోందో చెప్పమన్నారు. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది, ఈ జనవరికి 150 ఏళ్ళు నిండాయి. ఫిబ్రవరి ఆఖరున ఆ శాఖ ఇచ్చిన అంచనా ప్రకారం, మార్చి నుంచి మే దాకా దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో ఎండలు మామూలు కంటే ఎక్కువే ఉంటాయి. వడగాడ్పుల రోజులూ పెరుగుతాయి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో మన దేశానికి అన్నిటికంటే వేడి సంవత్సరం పోయిన 2024. మొన్న వెళ్ళిన ఫిబ్రవరి కూడా అంతే, అన్ని ఫిబ్రవరుల కంటే వేడిది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అనేవారు. రోహిణి వచ్చేది మే 25 ప్రాంతంలో. ఇప్పుడు శివరాత్రి వెళ్ళీ వెళ్ళకముందే రాత్రిపూట ఫ్యాను కింద పడుకున్నా దిండు తడుస్తోంది. రెంటచింతల పక్కన పుట్టినవాళ్ళం, మనకు ఎండ కొత్త కాదు. అయినా 2015 మే నెల మర్చిపోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మంది దాకా వడదెబ్బకు పోయారు.

ఎండ మీద ఇంకా నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను. నిన్నా మొన్నా తెలంగాణలో కొన్ని చోట్ల వడగళ్ళు పడ్డాయి. ఇవాళ పొద్దున మన ఊళ్ళోనూ పడమట మబ్బు కనపడింది. కాబట్టి ముందు ఉరుము సంగతి.

ఇంత ఎండ కాస్తుంటే వాన ఎక్కడిదని అడుగుతారు. ఆ ఎండే వాన తెస్తుంది. బంగాళాఖాతం మీద నుంచి తేమగాలి వస్తుంది, వాయవ్యం నుంచి పొడిగాలి వస్తుంది. రెండూ మన నెత్తిన కలుస్తాయి. మధ్యాహ్నానికి కాలిన నేల ఆ తేమగాలిని పైకి తోస్తుంది. గంటా గంటన్నరలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మబ్బు లేస్తుంది. టీవీలో క్యుములోనింబస్ అంటారే, అదే. దాని లోపల మంచుముక్కలు ఒకదానికొకటి రాసుకుని కరెంటు పుడుతుంది. అందుకే వేసవి పిడుగు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం లోపు పడుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఎండ పెరిగేకొద్దీ ఈ మబ్బులకు మేత కూడా పెరుగుతోంది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. 2022లో దేశం మొత్తం మీద పిడుగుపాటుకు చనిపోయినవాళ్ళు 2,887 మంది.

మధ్యాహ్నం మూడు గంటలకు మనూళ్ళో ఎవరు ఎక్కడ ఉంటారు? ఆసామి ఇంట్లో ఉంటాడు. ముఠా కల్లంలో ఉంటుంది.

ఈ ఏడు మిరపకు ధర లేదు. నాకూ తెలుసు, నేనూ రెండెకరాలు వేశాను. పెట్టుబడి రాని ఏడు కాయ తడిసి తాలైతే ఇక ఏం మిగలదు. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు. ఆ భయంతోనే నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ఆరేళ్ళ కిందట, ఏప్రిల్ మొదటి వారం. కల్లంలో పదకొండు మంది ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. రెండింటికి నా ఫోనుకు మెసేజి వచ్చింది. మన మండలం పేరుతో సహా ఉంది. పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద ఉండవద్దు అని. చదివాను. చదివి జేబులో పెట్టుకున్నాను. మూడున్నరకు పడమట ఉరిమింది. "ముందు కాయ కప్పండమ్మా" అని కేక వేశాను. వాళ్ళు పరదాలు లాగారు, అంచుల మీద ఇటుకలు పెట్టారు. వాన పెద్ద చినుకులుగా మొదలయ్యేసరికి గట్టు మీద వేపచెట్టు కిందికి పరుగెత్తారు. అర్జునా ఫల్గుణా అని అనుకుంటూ నిలబడ్డారు. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లలకు మెరుపు పాఠం చెప్పినవాణ్ణి, ఆ చెట్టు కింద నుంచి ఇవతలికి రండి అని ఒక్క మాట అనలేదు. నా కళ్ళు పరదా మీదే ఉన్నాయి.

పిడుగు చెట్టు మీద పడింది. ఇద్దరు కింద పడ్డారు. ఒకామె లేచింది. రెండో ఆమెను ముట్టుకుంటే షాక్ కొడుతుందని ఎవరూ దగ్గరికి పోలేదు. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. గుండె ఆగుతుంది, అంతే. వెంటనే ఛాతీ మీద గట్టిగా, ఆపకుండా నొక్కితే కొందరు బతుకుతారు. ఇది నాకు తెలుసు. నేను ఆమె దగ్గరికి చేరేసరికి చాలా నిమిషాలు అయిపోయింది. ఆమె క్యారియర్ గిన్నె చెట్టు మొదట్లోనే ఉంది, మూత కూడా తీయలేదు. పని ఒత్తిడిలో మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆమె కొడుకు నా దగ్గర తొమ్మిది చదివాడు. పరిహారం కాగితాల కోసం ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ముందస్తు హెచ్చరికల్లో ఉన్న లోటును అందరం కలిసి పూడ్చాలని ఈ ఏడాది వాతావరణ దినోత్సవంలో అంటున్నారు. ఉపగ్రహాలు ఉన్నాయి, రాడార్లు ఉన్నాయి, ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగుల సంగతి చెప్తుంది. ఆ రోజు హెచ్చరిక నా జేబు దాకా వచ్చింది. జేబుకూ కల్లానికీ మధ్య ఇరవై అడుగులు. అక్కడే ఆగిపోయింది. ఆపింది నేను.

అక్కా, నిజం చెప్పండి. ఉరిమితే మీరు ఎందుకు ఇంటికి పోరు? మధ్యలో పోతే అరకూలే ఇస్తారని. మెసేజి అందినా సరే, కూలి పోతుందంటే ఎవరు కదులుతారు? అందుకే మేస్త్రీలూ, ఆసాములూ, చేతులు జోడించి అడుగుతున్నాను. మెరుపు కనపడ్డాక ముప్పై అంకెలు లెక్కపెట్టే లోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. పని ఆపండి. చెట్టు కిందికి వద్దు, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు కిందికి వద్దు, ట్రాక్టరు ట్రక్కులోకి వద్దు, ఆటోలోకి వద్దు. పక్కా ఇంట్లోకో, బడిలోకో, తలుపులు మూసిన కారులోకో పంపండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రానీయకండి. ఆ పూట కూలి మాత్రం కోయకండి.

నా మాట నేను చెప్తున్నాను. రేపటి నుంచి నా కల్లంలో ఉరుము వినపడితే పని ఆగుతుంది. కూలి పూర్తిగా ఇస్తాను. కాయ తడిస్తే ఆ నష్టం నాది. మెసేజి వస్తే నేనే వచ్చి పైకి చదువుతాను. మిగతా ఆసాములు ముందు వరసలోనే ఉన్నారు. మీ మాట కూడా మీ ముఠాల ముందే, ఇప్పుడే లేచి చెప్పండి. నేను కూర్చుంటాను.