బట్టకు సరిపడే మనిషి

అందరికీ నమస్కారం.

ప్లస్ సైజు మోడళ్లు కొందరు ఫొటోషూట్‌కు వెళ్లేటప్పుడు సంచిలో స్పాంజి మెత్తలు వేసుకుని వెళ్తారు. తుంటికి ఒక జత, తొడలకు ఒక జత, అవసరమైతే ఛాతీకి కూడా. ఇది నా కల్పన కాదు. ఆ పని చేసిన మోడళ్లే బయటికి చెప్పిన సంగతి. అమెరికా కొలతల్లో 10 లేదా 12 సైజు ఉన్న అమ్మాయి 16 సైజు గౌనులో నిండుగా కనబడాలంటే లోపల మెత్తలు కట్టుకోక తప్పదు. ముఖం కోలగా ఉండాలి, మెడ సన్నగా ఉండాలి, గడ్డం కింద మడత పడకూడదు, నడుము కింద మాత్రం ఒళ్లుండాలి. అలాంటి మనిషి దొరకడం కష్టం కాబట్టి తయారుచేస్తారు. లావుగా ఉన్నవాళ్లకు బట్టలమ్మే ప్రకటనలో లావు మనిషికే చోటు లేదన్నమాట!

దీన్ని మోసమని తిట్టి ఊరుకోవచ్చు. ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న మీరు అంతటితో ఆగకూడదు. ఎముకలు తేలిన ర్యాంప్ మోడల్‌కైనా, మెత్తలు కట్టుకున్న ప్లస్ సైజు మోడల్‌కైనా కొలత నిర్ణయిస్తున్నది సన్నదనం మీద పిచ్చి ఒక్కటే కాదు. దాని వెనుక శాంపిల్ గది ఉంది.

మనం దర్జీ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్తాం. "కిందటిసారి చంక దగ్గర పట్టేసింది, ఈసారి కాస్త వదులు పెట్టండి" అంటాం. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఆయన లోపల కొంత బట్ట వదిలి మరీ కుడతారు. అక్కడ మనిషి ముందు, బట్ట తర్వాత. పారిస్, మిలన్ షోలలో ఈ వరస తలకిందులు. సరుకు దుకాణాలకు రావడానికి నెలల ముందే ఒక్కో డిజైన్‌ను ఒకే కొలతలో కుట్టి పెడతారు, అదే శాంపిల్. ర్యాంప్ మీద నడిచేదీ అదే, తర్వాత పత్రికల ఫొటోల కోసం ఊళ్లు తిరిగేదీ అదే. ఎవరు వేసుకుంటారో కుట్టేనాటికి తెలియదు. అందుకని వేసుకునేవాళ్లంతా ఒకే అచ్చులో ఉండాలి: ఎత్తు దాదాపు 5 అడుగుల 9 అంగుళాలు, తుంటి చుట్టుకొలత 34, 35 అంగుళాలు. మీ దగ్గరున్న టేపును 34 దగ్గర పట్టుకుని చుట్టలా చేసి చూడండి, అందులో ఎవరు పడతారో.

క్రిస్టల్ రెన్ అనే అమెరికన్ మోడల్ 14 ఏళ్ల వయసులో ఒక ఏజెన్సీవారి కంట పడింది. తుంటి 34 అంగుళాలకు తగ్గించుకుంటే భవిష్యత్తు ఉందన్నారు. తిండి మానేసి తగ్గించుకుంది, లావవుతామన్న భయంతో తిండికి దూరమయ్యే అనొరెక్సియా జబ్బు పాలైంది. కోలుకుని బరువు పెరిగాక ప్లస్ సైజు మోడల్‌గా పెద్ద పేరు తెచ్చుకుంది. కొన్నేళ్లకు మళ్లీ కాస్త సన్నబడింది. అప్పుడేమైంది? "నువ్వు ప్లస్ సైజుకు పనికిరావు" అని మరో వైపు నుంచి తిట్లు. ఒకే మనిషి, రెండు శాంపిళ్లు, రెండింటికీ ఒళ్లు అప్పగించాల్సిందే.

ప్రభుత్వాలు కదిలింది చావుల తర్వాతే. 2006 ఆగస్టులో ఉరుగ్వే మోడల్ లూయిసెల్ రామోస్ మాంటెవీడియోలో షో జరుగుతుండగానే చనిపోయింది. వయసు 22. నవంబరులో బ్రెజిల్‌లో ఆనా కరోలినా రెస్టన్, 21 ఏళ్లు. ఆ మధ్యలో, సెప్టెంబరులో, మాడ్రిడ్ ఫ్యాషన్ షో నిర్వాహకులు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్కగట్టే సూచిక) 18 కంటే తక్కువున్న మోడళ్లను రానివ్వలేదు. ఇజ్రాయెల్ 2012లో 18.5 హద్దుగా చట్టం చేసింది. సన్నగా కనబడేలా ఫొటో దిద్దితే ఆ మాట ఫొటో మీదే రాయాలని కూడా చెప్పింది. ఫ్రాన్స్ చట్టం 2017లో అమలులోకి వచ్చింది. అక్కడ అంకె బదులు డాక్టరు సర్టిఫికెట్ పెట్టారు. ఉల్లంఘించిన ఏజెన్సీకి 75 వేల యూరోల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

అంకె మానేసి డాక్టరును పెట్టడం నాకు నచ్చింది. బీఎంఐ సూత్రం 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే జనాభా లెక్కల కోసం తీసినది, ఒక్క మనిషి ఆరోగ్యం చెప్పడానికి కాదు. పైగా భారతీయులకు 23 దాటగానే అధిక బరువు అంటారు మన వైద్యులు, పాశ్చాత్యులకు అది 25.

అయితే ఈ చట్టాలన్నీ మోడల్‌ను తూచాయి, గౌను జోలికి వెళ్లలేదు. గౌను 34 అంగుళాలకే ఉంటే, డాక్టరు చీటీతో వచ్చిన అమ్మాయి కూడా అందులో పట్టాల్సిందే కదా. అందుకే 2017 సెప్టెంబరులో ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ అనే ఫ్రాన్స్ ఫ్యాషన్ సంస్థలు కలిసి రాసుకున్న ఒప్పందం నాకు ఎక్కువ ముఖ్యం. ఫ్రెంచి కొలతల్లో 32 సైజు, అంటే అమెరికా జీరో, ఇక ఎంపికలకు వాడబోమన్నారు. దాని తర్వాతి ఫ్రెంచి 34 సైజు కూడా సన్నమే, ఒప్పుకుంటాను. కానీ కత్తెర పడాల్సిన చోట పడింది.

ఇక ప్లస్ సైజు సంగతి. ఆ హద్దు ఎక్కడ మొదలవుతుందో దుకాణానికో మాట, ఏజెన్సీకో మాట. దుకాణాల్లో అమెరికా 14 సైజు నుంచి అంటే ఏజెన్సీలు 8 సైజు అమ్మాయిని కూడా ఆ జాబితాలో వేస్తాయి. ఆ అంకెలకే స్థిరం లేదు. 1958 నాటి అమెరికా ప్రమాణంలో 8 సైజు నడుము 23.5 అంగుళాలు. ఇవాళ అదే 8 అని రాసిన గౌను నడుము 29కి అటూఇటూ ఉంటుంది. ఆ ప్రమాణానికి మూలమైన 1939-40 సర్వేలో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిచారు. తెల్లవాళ్లు కానివారి కొలతలను లెక్కలోంచి తీసేశారు.

కొలత బల్ల దగ్గర అసలు చిక్కు మీకు తెలియాలి. చిన్న ప్యాటర్న్‌ను, అంటే బట్ట కత్తిరించే నమూనాను, వరసగా పెంచుకుంటూ పోతే 16, 18 దాటాక పని చెడుతుంది. ఒళ్లు అన్ని వైపులా సమానంగా పెరగదు. భుజం ఎముక వెడల్పు దాదాపు అంతే ఉంటుంది, దండచెయ్యి, ఛాతీ, పొట్ట పెరుగుతాయి. లెక్క ప్రకారం అన్నీ పెంచారా, భుజం కుట్టు చేతి మీదకు జారుతుంది, మెడ దగ్గర బట్ట లేస్తుంది, చెయ్యి మాత్రం బిగుసుకుంటుంది. అందుకు వేరే మూల ప్యాటర్న్ గీయాలి, డార్టులు (బట్టను ఒంటి వంపుకు అమర్చే మడత కుట్లు) మార్చాలి, నిజంగా ఆ కొలతలున్న మనిషిని నిలబెట్టి సరిచూడాలి. అది ఖర్చు. ఖర్చు మిగుల్చుకోవాలంటే మెత్తలు చవక.

2016లో ప్లస్ సైజు మోడల్ అష్లీ గ్రాహమ్ అమెరికా పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఈత దుస్తుల సంచిక ముఖచిత్రం మీద కనిపించింది. అదే ఏడాది ముంబయి లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ప్లస్ సైజు వారికి ప్రత్యేకంగా ఒక షో పెట్టారు. ఆ 'ప్రత్యేకంగా' దగ్గరే నా పేచీ. మిగతా షోలు ఎప్పటిలాగే నడిచాయి. ఫ్యాషన్ పత్రిక వోగ్ బిజినెస్ లెక్క ప్రకారం 2025 శరత్, శీతకాల షోలలో ప్లస్ సైజు మోడళ్లు వేసుకున్నవి 0.3 శాతం. 97.7 శాతం దుస్తులు అమెరికా 0 నుంచి 4 సైజుల లోపువే.

మన దేశానికి సొంత సైజుల పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ఇండియాసైజ్ సర్వే చేపట్టింది. త్రీడీ స్కానర్లతో 25,000 మందిని కొలవడం లక్ష్యం. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మీరు ఉద్యోగాల్లో చేరాక కొలత బల్ల మీదకు వచ్చేది ఆ పట్టికే కావచ్చు. ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. మీ చివరి సంవత్సరం ప్రదర్శనకు శాంపిల్ ఒకటి కాకుండా రెండు కుట్టండి. రెండోదానికి మూల ప్యాటర్న్ మొదటి నుంచి గీయండి, మీ తరగతిలోనే ఆ కొలతలున్నవారిని అడిగి నిలబెట్టండి.

ఇక్కడ రెండు బొమ్మలున్నాయి. ఒకదానికి పెంచిన ప్యాటర్న్‌తో, మరోదానికి కొత్తగా గీసిన ప్యాటర్న్‌తో ఒకే కుర్తీ తొడిగాను. ముందు వరసవాళ్లు దగ్గరికి వచ్చి చంక కుట్లు పట్టుకుని చూడండి.