స్టేటస్‌ల ఎవరికి ఏ మొకం

నమస్తే అందరికి. సోషల్ మీడియాల అందరు నకిలీ బతుకులు బతుకుతున్నరని మీకు శానమంది చెప్పి ఉంటరు, నేనైతే ఆ మాట ఒప్పుకోను. ఇన్‌స్టాల ఒక తీరు, వాట్సాప్ స్టేటస్‌ల ఇంకో తీరు, లింక్డిన్‌ల అయితే ఇన్‌షర్ట్ చేసుకొని మరో తీరు ఉంటం, అన్నీ మనమే కదా. మేనమామ ముంగట కూసున్నట్టు దోస్తుల ముంగట కూసుంటమా? ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1950లలనే చెప్పిండు, మనిషి నలుగుట్ల ఉన్నప్పుడు స్టేజి మీద ఉన్నట్టే ఉంటడని. ఆయన 1982ల పోయిండు, ఇన్‌స్టా వచ్చింది 2010ల, అంటే ఈ తీరు ఇన్‌స్టా కంటె ముందటిదే.

మరి కొత్తగ ఏమైందంటే చూసేటోళ్లంత ఒక్కతాన జమైన్రు, మేనత్త, క్లాస్‌మేటు, సారు, రేపు సంబంధం చూడొచ్చేటోళ్లు అందరు ఒకటే స్టేటస్ చూస్తరు. అందుకే చుట్టాలకు కనపడకుంట హైడ్ పెడుతం, 2018ల ఇన్‌స్టాల క్లోజ్ ఫ్రెండ్స్ అనే లిస్టు వచ్చినంక పచ్చ రింగు స్టోరీ మనం ఎంచుకున్న కొందరికే.

ఆడపిల్లల సంగతి చెప్పాలె. నల్లగొండ నుంచి దేవరకొండ దాక ఎన్ని అకౌంట్లల డీపీ గులాబి పువ్వో, దేవుడో, ఎనక నుంచి తీసిన జడనో! దాన్ని ఫేక్ ఐడీ అని ఎవడన్న అంటే నాకు కోపమొస్తది. ఆ పిల్ల మంచిగ పాడుతది, వీడియోల గొంతే ఉంటది మొకముండదు, ఎందుకంటే ఫొటో తీస్కొని ఎవడేం జేస్తడో తెల్వదు, ఇంట్ల తెలిస్తే చదువు బంద్ పెడతరేమోనని భయం.

నాకు రంది ఇంకో దగ్గరుంది. పాలమూరు నుంచి దుబాయ్ పోయిన పిలగాడు మాల్ ముంగట కూలింగ్ గ్లాసులతోని ఫొటో పెడతడు, రూంల ఒకని మీద ఒకడు పండే బంకు మంచాలు పెట్టడు, తల్లి చూస్తే ఏడుస్తదని. ఆ ప్రేమ నాకు అర్థమైతది. కానీ ఊర్ల ఇంకో పిలగాడు అదే ఫొటో చూసి ఏజెంటుకు కట్టనీకి మిత్తికి పైసలు తెస్తడు. పత్తి ట్రాక్టర్ మిల్లుకు పోతుంటే స్టేటస్ పడతది, తేమ 12 శాతం దాటిందని వాపస్ పంపినంక పడదు. అప్పుకు, ఓటమికి ఏ అకౌంట్ల జాగ లేదు, క్లోజ్ ఫ్రెండ్స్‌ల కూడ లేదు.

గల్ఫ్ పోదామనుకునేటోళ్లు ఇక్కడుంటే అక్కడి నుంచి ఫొటో పెట్టిన అన్నకు వీడియో కాల్ చేయుండ్రి, రూం చూపెట్టమనుండ్రి, పాస్‌పోర్ట్ ఎవరి తాన ఉందో అడుగుండ్రి, అందరికి చెప్పనోడు ఒక్కనికి చెప్తడు. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ సైట్ల చూసినంకనే పైసలు కట్టుండ్రి.