అంబర్‌లో నిలిచిన పురుగుల నడవడి

శ్రోతలకు నమస్కారం. రాతిలో దొరికే శిలాజం ఒక ప్రాణి ఎలా ఉండేదో చెబుతుంది గాని, అది ఎవరి పంచన బతికిందో, దేన్ని వేటాడిందో, జతను ఎలా వెతుక్కుందో చెప్పడం చాలా అరుదు. గాయపడిన చెట్ల నుంచి కారిన రెజిన్ గట్టిపడి, కోట్ల ఏళ్లు భూమిలో ఉండి ఏర్పడిన అంబర్ ముక్కల్లో మాత్రం ఆ సంగతులు కొన్ని మిగిలాయి.

ఇందుకు మన దేశంలోనే గొప్ప ఆధారం ఉంది. గుజరాత్‌లో సూరత్ ప్రాంతపు వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో దొరికే అంబర్ వయసు 5 కోట్ల ఏళ్లకు పైమాటే. దాన్ని స్రవించినవి డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లు. ఉత్తరాంధ్ర అడవుల్లోని సాల వృక్షం, శేషాచలం కొండల్లోని జాలారి ఆ కుటుంబానివే. వాటి గుగ్గిలాన్ని మనం ఇప్పటికీ ధూపానికి వాడుతున్నాం. గుజరాత్ అంబర్‌కు ఇంకో సుగుణం ఉంది: కొన్ని ద్రావకాల్లో అది కరుగుతుంది కాబట్టి, లోపలి పురుగును చెక్కుచెదరకుండా వెలికితీయడానికి కూడా వీలుంటుంది.

ఈ అంబర్‌లో దొరికిన ఒక చిన్న పెంకుపురుగును జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డీ అనే పరిశోధకులు 2014లో ప్రోటోక్లావిజర్ అనే పేరుతో వర్ణించారు. దాని నేటి బంధువులు చీమల పుట్టల్లో తిష్ఠ వేసుకుని, చీమలు నోటితో అందించే ద్రవాహారం తాగుతూ, అవకాశం చిక్కినప్పుడు వాటి గుడ్లనూ పిల్లలనూ కూడా తినేస్తాయి. ఆతిథ్యమిచ్చిన ఇంట్లోనే ఇంత పని చేస్తున్నా చీమలు వాటిని తరిమికొట్టవు. ఎందుకంటే ఆ పురుగుల పొట్ట మొదట్లో ఉండే వెంట్రుకల కుచ్చుల వద్ద ఊరే స్రావం చీమలను మచ్చిక చేసుకుంటుంది. ఆ కుచ్చులు ఈ శిలాజంలోనూ స్పష్టంగా ఉన్నాయి. అయితే నేటి పురుగుల్లో ఒకే పెంకుగా అతుక్కుపోయిన పొట్ట పైభాగపు పలకలు దీనిలో ఇంకా విడివిడిగానే ఉన్నాయి. అంటే పుట్టలో కాపురానికి తగ్గట్టు శరీరం మారుతున్న దశ మన కంటికి కనిపిస్తోందన్నమాట. చీమలు భూమి మీద బలం పుంజుకుంటున్న రోజుల్లోనే వాటి ఇళ్లలోకి దొంగలు కూడా చేరారన్న సంగతి నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అక్కడ నడవడిని శరీర నిర్మాణం నుంచి ఊహించాల్సి వచ్చింది. మయన్మార్‌లోని కాచిన్ ప్రాంతపు అంబర్‌లో ఒకచోట వేట వేటగానే దొరికింది. సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్ల నాటి ఆ ముక్కలో, నుదుట కొమ్ము ఉన్న ఒక చీమ, బొద్దింకలకు దూరపు బంధువైన ఒక పిల్ల పురుగును మెడ దగ్గర పట్టుకుని ఉంది. నేటి చీమల దవడలు పక్కలకు కదులుతాయి. ఆ చీమ దవడలు కింది నుంచి పైకి లేచి, ఎరను కొమ్ముకు అదిమిపెట్టేవి. అంతకుముందు దవడల ఆకారాన్ని బట్టి వేసిన అంచనాను 2020లో ప్రచురితమైన ఈ ఒక్క శిలాజం రూఢి చేసింది.

అయినా అంబర్‌లో కనిపించే ప్రతి భంగిమనూ ఉన్నదున్నట్టు నమ్మకూడదు. తొలకరి వానకు ఎగిరే ఉసిళ్లు, అంటే రెక్కల చెదపురుగులు, రెక్కలు రాల్చుకున్నాక, జంటగా, ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని నడుస్తూ గూటికి చోటు వెతుక్కోవడం మనందరం చూసే ఉంటాం. బాల్టిక్ తీరపు అంబర్‌లో దొరికిన, సుమారు 3 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి చెదపురుగుల జంట మాత్రం పక్కపక్కన ఉంది. ఆ కాలపు చెదలు అలా నడిచేవేమో అని తొందరపడకుండా, పరిశోధకులు బతికున్న చెదల జంటలను జిగురు పూసిన తలం మీదికి నడిపించి చూశారు. ముందున్నది అంటుకుపోయినా వెనుకది దాన్ని వదిలి పారిపోలేదు. దాని చుట్టూ కదులుతూ తానూ చిక్కుకుంది, చివరకు రెండూ తరచుగా పక్కపక్కకు చేరాయి. 2024లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, శిలాజంలోని భంగిమ రెజిన్‌లో పెనుగులాడగా ఏర్పడినది. అందులో అడుగుపెట్టే క్షణం వరకు ఆ జంట కూడా నేటి ఉసిళ్లలాగే ఒకదాని వెంట ఒకటి నడుస్తూ వచ్చింది.