ముందు చిలికా, తర్వాత పూరీ: మన శ్రీకాకుళం నుంచి ఒడిశా ట్రిప్

నమస్కారం అండీ. సెలవులొస్తే చాలు, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు టూరిస్టు బళ్ళన్నీ పూరీ దారి పడతాయి. రాత్రి ఎక్కిస్తారు, తెల్లారి జగన్నాథుడి దర్శనం, మధ్యాహ్నం కోణార్క్, మర్నాడు భువనేశ్వర్. తిరిగొచ్చేటప్పుడు ఎండ నెత్తిమీదికొచ్చాక చిలికా సరస్సులో ఓ గంట పడవ. అప్పటికి పిల్లలు కునికిపాట్లు పడుతుంటారు, పక్షులు ఏ మూలకో పోయుంటాయి. "ఏటుందక్కడ, ఒట్టి నీళ్ళు" అనేసి ఇంటికొచ్చేస్తారు.

నెట్‌లో దొరికే ప్లాన్లు చాలావరకు భువనేశ్వర్‌లో విమానం దిగేవాళ్ళ కోసం చేసినవి. వాళ్ళకి చిలికా చివర్లో తగులుతుంది. మనకలా కాదు కదా. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, అది దాటితే రంభ. రంభ దగ్గరే సరస్సు మొదలు. అందుకే నేను చెప్పే ప్లాన్‌లో ముందు నీళ్ళు, తర్వాత ఊళ్ళు.

కారుంటే హైవే ఎక్కి తిన్నగా పోవడమే. రైలైతే ఒక్క మాట. సరస్సు ఒడ్డునున్న బాలుగావ్‌లో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, చూసి బుక్ చేసుకోండి. లేకపోతే బరంపురంలో దిగి బస్సెక్కండి, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. ఆమదాలవలసలో ఎక్కినా, విజయనగరంలో ఎక్కినా బండి వెళ్ళే దిక్కుకి కుడివైపు కిటికీ పట్టండి. రంభ దాటాక పట్టాలు కొంతదూరం సరస్సు పక్కనే పోతాయి.

చిలికా అంటే ఒక్క చోటు అనుకోకండి. వానలకి పదకొండు వందల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, ఎండాకాలం తొమ్మిది వందలకి దిగుతుంది. బాలుగావ్ దగ్గరున్న బర్కుల్ నుంచి కాళీజాయి అమ్మవారి దీవికి పడవలుంటాయి, దండం పెట్టుకుని వచ్చేయొచ్చు. సంక్రాంతి రోజున మాత్రం అక్కడ పెద్ద జాతర, ఇసకేస్తే రాలదు.

నేనైతే మంగళాజోడికే ఎక్కువ టైమిస్తాను. టాంగి దగ్గర చిన్న ఊరు. మన తేలినీలాపురంలో పెలికాన్లు చింతచెట్ల మీదుంటాయి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూడాలి. ఇక్కడ పక్షులు మన కంటికి ఎదురుగా, బురదలోనే. మోటారు లేని నాటుపడవ, వెనక నిలబడి గెడేసి తోస్తారు. చప్పుడుండదు గనక నీలం జంబుకోడి పడవ పక్కనే దుంప పీక్కుని తింటున్నా బెదరదు. ఆ గెడేసేవాళ్ళలో కొందరు ఒకప్పుడు ఈ పక్షుల్నే వేటాడి అమ్మినవాళ్ళు! అందుకే ఏ పిట్ట ఎక్కడ కూర్చుంటుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. సూర్యోదయానికి పడవలో ఉండాలి, కాబట్టి ముందురాత్రే అక్కడికి చేరిపోండి.

డాల్ఫిన్లయితే సాతపడా. పూరీకి యాభై కిలోమీటర్లు, గనక పూరీలో బస చేసి ఉదయాన్నే బేగి పోవచ్చు. ఇవి ఇరావడీ జాతి, గుండ్రటి తల, ముక్కు ముందుకి పొడుచుకుని ఉండదు. మొత్తం సరస్సులో ఉన్నవి ఓ నూట యాభై. టీవీలో చూపించినట్టు గాల్లోకి ఎగరవు, నల్లటి వీపు ఒకసారి తేలి మునిగిపోతుంది, అంతే. పడవతన్ని "దగ్గరికి పోనీ, ఇంకా దగ్గరికి" అని తొందర పెట్టకండి. ఇంజను ఫ్యాను తగిలితే వాటికి ప్రాణం మీదికొస్తుంది.

అక్కడే ఇంకో సంగతి. ఇసకదిబ్బ దగ్గర పడవ ఆపగానే ఒకతను ఆల్చిప్పల బుట్టతో వస్తాడు. మీ కళ్ళముందే పగలగొట్టి ముత్యం తీస్తాడు, ఒక్కోసారి ఎర్రరాయి కూడా! ఆల్చిప్పలో కెంపు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? నవ్వేసి పడవెక్కేయండి.

బాలుగావ్‌లో భోజనానికి ఆగితే పీత, రొయ్య. ఆవ పెట్టి వండుతారు, మన నోటికి కొత్తేం కాదు. సముద్రం నీరొచ్చే దారి పూడిపోయి ఒకప్పుడు ఇక్కడ చేపలు బాగా తగ్గిపోయాయి. 2000లో కొత్తగా ముఖద్వారం తవ్వాక మళ్ళీ పుంజుకున్నాయి.

ఇక ఊళ్ళు. పూరీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది గాని, ఇప్పుడున్న గుడి కట్టడం మొదలెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి రాజధాని మన ముఖలింగమే. ఆ వంశంలో నరసింహదేవుడు కట్టించిందే కోణార్క్. బయల్దేరే ముందు ముఖలింగం ఓసారి చూసి వెళ్ళండి, ఆ గుళ్ళు చూసే కన్ను మారుతుంది. భువనేశ్వర్‌లో ఉదయగిరి గుహల మీద పూర్వపు కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉంది. పిల్లలుంటే నందన్‌కానన్ జూ, సోమవారం మాత్రం సెలవు.

సాయంత్రాలు కటక్‌కి ఉంచుకోండి. వెండి తీగపని కొట్లు, బండి మీద దహీబరా ఆలూదమ్. పెరుగావడ మీద బంగాళదుంప కూర పోసిస్తారు. వినడానికి ఎలాగో ఉంటుంది, తింటే రెండో ప్లేటు అడుగుతారు.

ఎప్పుడెళ్ళాలంటే, నా ఓటు సంక్రాంతికి కాదు, కార్తీక పౌర్ణమికి. వలస పక్షులు దిగడం మొదలైపోతుంది, కటక్‌లో మహానది ఒడ్డున బాలియాత్ర సంత నడుస్తుంటుంది. పక్షులే ముఖ్యమంటే డిసెంబరు, జనవరి. బాలియాత్ర రోజుల్లో కటక్‌లో గది దొరకడం కష్టం, భువనేశ్వర్‌లో తీసుకోండి. తిరుగు రైలు టిక్కెట్టు మాత్రం గదికంటే ముందే బుక్ చేసేయండి.