పందిరి బీర: అర ఎకరంలో ఏడాది లెక్క

[దృశ్యం: చేవెళ్ల వైపు ఎర్ర చల్క నేల. తీగలు ఎక్కని ఖాళీ పందిరి]

పందిరి కూరగాయల్లో విత్తనం ఏదన్నది రెండో ప్రశ్న. ఏ రోజు పెడుతున్నామన్నది మొదటిది. శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లల్లో మాంసం మానేస్తారు, కూరగాయలకు గిరాకీ పెరుగుతుంది. బీర మొదటి కోతకు రావడానికి 50 నుంచి 55 రోజులు పడుతుంది కాబట్టి పండగ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. జూన్ 8 ప్రాంతంలో, మృగశిర కార్తెలో పెట్టింది శ్రావణానికి అందుతుంది. ఆగస్టు చివర పుబ్బలో పెట్టింది కార్తీకానికి అందుతుంది. అందుకే అర ఎకరమూ ఒకేసారి నాటొద్దు. సగం మృగశిరలో, సగం పుబ్బలో. రెండో సగంలో అప్పటిదాకా తోటకూరో గోంగూరో తీసుకోవచ్చు.

[దృశ్యం: టేపుతో సాళ్లు కొలవడం]

సాలుకూ సాలుకూ 2 మీటర్లు, పాదుకూ పాదుకూ 2 అడుగులు. అర ఎకరానికి 1,650 పాదులు పడతాయి. పాదుకు రెండు గింజలు వేసి, మొలిచాక బలమైన మొక్కనే ఉంచాలి. ఆఖరి దుక్కిలో 3 నుంచి 4 టన్నుల చివికిన పశువుల ఎరువు, 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు రెండు, 15 కిలోల పొటాష్. ఇవన్నీ అర ఎకరానికి. యూరియా 40 కిలోలు చాలు. సగం 25–30 రోజులకు, సగం పిందె దశలో. ఆకు పచ్చగా కనబడుతుందని ఇంకో బస్తా వేస్తే తీగ గుబురుగా పెరుగుతుంది, ఆడ పువ్వులు మాత్రం ఆలస్యమవుతాయి.

[దగ్గరగా: పురికొస మీద పాకుతున్న ఒంటి తీగ]

పందిరి అందేదాకా పక్క కొమ్మలు గిల్లేయండి. తీగ పైకెక్కి జానెడు సాగాక కొన తుంచితే పక్క కొమ్మలు పందిరంతా పరుచుకుంటాయి. ఆడ పువ్వులు ఎక్కువగా వచ్చేది వాటి మీదే. అంచు కడీలు (పందిరి స్తంభాలు) బయటికి వంగేలా పాతి, వాటిని లాగి పట్టే వైరు కట్టారో లేదో ఈ దశలోనే చూసుకోవాలి. కాపు బరువుకు వానగాలి తోడైతే ముందు ఒరిగేవి అవే.

[దగ్గరగా: రెండు పిందెలు పక్కపక్కన]

చాలామంది మందు డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. పిందె పసుపెక్కి రాలిందంటే ఏదో పురుగనుకుని మందు కొడతారు. ముందు పిందెను చీల్చి చూడండి. లోపల శుభ్రంగా ఉండి, మొత్తం ఎండుతుంటే చాలాసార్లు కారణం పరపరాగ సంపర్కం జరగకపోవడమే. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ సమయానికి వరసగా వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, తేనెటీగలు రావు. “సాయంత్రం మందు కొడితే తేనెటీగలకు మంచిది” అన్న మాట పొద్దున పూసే కాకరకు సరిపోతుంది గానీ బీరకు, సొరకు కాదు. వీటికి కొట్టక తప్పకపోతే పొద్దున పువ్వులు వాడిపోయాక కొట్టండి. ముసురు వదలకపోతే సాయంత్రం మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్య భాగానికి అద్దాలి. అర ఎకరమంతా చేయడం కష్టం, కానీ మొదటి విడత పిందెలకు ఆ శ్రమ దండగ కాదు.

చీల్చినప్పుడు తెల్లని పురుగులు కనిపిస్తే అది పండు ఈగ. పిందె వంకర తిరుగుతుంది, పొడిచిన చోట జిగురు కారుతుంది. ఎకరానికి 10 చొప్పున, అంటే మన అర ఎకరానికి 5 క్యూ ల్యూర్ (ఈగలను వాసనతో రప్పించే మందు) ఎరబుట్టలు పూతకు ముందే కట్టాలి. వాటిలో మగ ఈగలే పడతాయి, కాబట్టి బుట్టలు కట్టి ఊరుకుంటే లాభం లేదు. పుచ్చిన కాయలన్నీ ఏరి లోతుగా పాతిపెట్టాలి. గట్టు మీద విసిరేస్తే పురుగు మట్టిలో దిగి, కోశస్థ దశ దాటి మళ్లీ ఈగై పందిరికే వస్తుంది.

ఆకు మీద బూడిద తెగులు కనబడితే గంధకం మందులు వాడకండి. తీగజాతి ఆకులు మాడిపోతాయి.

[దృశ్యం: తెల్లవారుజామున కోత, ట్రేలు]

కోత రోజు విడిచి రోజు. ఒక్క విడత తప్పినా కాయ పీచు కడుతుంది. ముదురు కాయ తీగ మీదుంటే బలమంతా అది లాగేసుకుని కొత్త పిందెలు తగ్గుతాయి. అందుకే ధర పడిపోయిన వారంలో కూడా కోయాల్సిందే.

[దృశ్యం: తీగలు తీసేసిన పందిరి, కింద కొత్తిమీర మడులు]

అక్టోబరులో మొదటి సగం ఖాళీ అయ్యాక కింద కొత్తిమీర, మెంతి, పాలకూర. ధనియాలను బద్దలుగా నలిపి చల్లితే మొలక సమంగా వస్తుంది. జనవరి చివర సొర గానీ కాకర గానీ పెడితే ఎండాకాలానికి నీడ ఏర్పడుతుంది. ఏప్రిల్‌లో ఎండకు కొత్తిమీర దొరకనప్పుడు ఆ నీడలో పండినదానికి మంచి రేటు పలుకుతుంది.

పాత తీగ పీకిన ప్రతిసారీ నాలుగైదు వేర్లు కడిగి చూడండి. వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగులున్నట్టే. ఆ సగంలో వచ్చే పంటకు సొర, కాకర, బీర ఏదీ వద్దు. బంతి వేయండి, జులైలో నాటితే పూలు బతుకమ్మకు అందుతాయి.